లారీ రాదు, వాన ఆగదు, నా కోపమూ ఆగదు

మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఒక ఊరి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వయసు 38. పదో తరగతి చదివారు. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు. ఊళ్లో మహిళా సంఘం నడిపే ధాన్యం కొనుగోలు కేంద్రానికి రెండు సీజన్లుగా ఆమే ఇన్‌ఛార్జి. యాసంగి కొనుగోళ్లలో జరిగినదంతా వివరంగా రాశారు. కుదించి చెబుతాను.

ఏప్రిల్ నెలాఖరుకు కోతలన్నీ ఒక్కసారే పడ్డాయి. కోత యంత్రాలు రాత్రింబవళ్లు తిరిగాయి. వడ్లు పచ్చిగానే కేంద్రానికి చేరాయి. స్థలం నిండిపోయి రోడ్డు మీద కూడా ఆరబోశారు. కాంటా అయిన బస్తాలు అట్టీలు కట్టి ఉన్నాయి కానీ లారీలు లేవు. వెళ్లిన లారీలు మిల్లు దగ్గర దిగుమతి కాక బారులు తీరాయి. రైతులు అడిగినప్పుడల్లా ఈమె "రేపు వస్తుంది" అన్నారు. మహిళా సంఘాలను పర్యవేక్షించే అధికారి, సీసీ, ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉంది సార్" అన్నారు. మండల వాట్సాప్ గ్రూపులో సీసీకి పై అధికారి అయిన ఏపీఎం "మీ కేంద్రం ఎందుకింత వెనకబడింది" అని అందరి ముందూ అడిగితే, దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నారు. బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తామని మిల్లు నుంచి కబురు వస్తే, రైతులకు ఎలా చెప్పాలో తెలియక ఒక రోజంతా ఆ మాట కడుపులోనే దాచుకున్నారు. బావగారు, అంటే భర్తకు అన్నగారు, తన రాశిని ముందు కాంటా వేయించమని పట్టుబడితే కాదనలేక రెండు రాశులు దాటించి వేయించారు. చూసినవాళ్లు చూశారు.

ఆ తర్వాత గాలివాన వచ్చింది. టార్పాలిన్లు సగం రాశులకే సరిపోయాయి. మూడో రోజు ఒక పెద్దాయన తడిసిన రాశి అడుగు నుంచి గుప్పెడు వడ్లు తెచ్చి ఆమె ముందు అరచేయి తెరిచారు. గింజ గింజకూ తెల్లటి మొలక. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడు కూడా ఈమె నవ్వు ముఖంతోనే "రేపు లారీ వస్తుంది తాతా" అని పంపించారు.

ఆ సాయంత్రం, ట్యాబ్‌లో రైతుల వివరాలు ఎక్కించే అమ్మాయి, డిగ్రీ చదివిన 22 ఏళ్ల పిల్ల, "అక్కా, ఈయన ఖాతా నంబరు పాసుబుక్కుతో కలవడం లేదు, ఒకసారి చూస్తారా" అని అడిగింది. మిగతాది ఆమె మాటల్లోనే: "చేతిలో ఉన్న రిజిస్టరు ఆ పిల్ల మీదికి విసిరాను. నీకు అన్నం పెట్టేది నేను, నాకే లెక్కలు నేర్పుతావా అన్నాను. చుట్టూ రైతులంతా విన్నారు. ఆమె తండ్రి మా కేంద్రంలోనే హమాలీ. వీపు మీది బస్తా దించి నా వైపు చూశాడు. ఏమీ అనకుండా మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు."

అమ్మాయి మర్నాడు పనికి వచ్చింది. సీజన్ ముగిసేదాకా చేసింది. కానీ ఏ అనుమానం వచ్చినా అడగడం మానేసింది. ముగ్గురు రైతుల డబ్బు ఖాతా నంబర్ల తప్పుతో ఆగిపోయిందని వారాల తర్వాత గాని తెలియలేదు. ఇప్పుడు ఈమెకు నిద్ర పట్టదు. ఫోన్ మోగితే గుండె దడ. ఇంట్లో పిల్లల మీద అరుస్తున్నారు. భర్త "వద్దని ముందే చెప్పాను కదా" అంటున్నారు. "పైవాళ్ల ముందు నోరు పెగలదు, కిందివాళ్ల ముందు ఆగదు. ఒత్తిడిలో శాంతంగా ఉండటం నేర్చుకుంటే వస్తుందా? ధ్యానం చేయమంటున్నారు. వానాకాలం కేంద్రం నేనే తీసుకోవాలా, ఇంకొకరికి అప్పగించాలా?" అని అడిగారు.

అమ్మా, మీరు కోపిష్టినని మీ గురించి మీరే రాసుకున్నారు. మీరు చెప్పిన సంగతులు చదివితే నాకు అలా అనిపించలేదు. మిల్లు కబురుకు మీరు కోప్పడలేదు. అందరి ముందు మీ కేంద్రం పేరెత్తిన అధికారికి జవాబివ్వలేదు. వరుస తప్పించమన్న బావగారి మాట కాదనలేదు. మీరు నోరెత్తడానికి కారణం ఉన్న ప్రతిచోటా మింగేశారు. కాలువకు తూములన్నీ మూసేస్తే నీళ్లు ఆగవు, గట్టు ఎక్కడ పలచగా ఉంటే అక్కడ గండి పడుతుంది. ఆ అమ్మాయి దగ్గర జరిగింది అదే. మీకు ఎదురు చెప్పలేని మనిషి ఆ కేంద్రం మొత్తంలో ఆమె ఒక్కతే. తండ్రి కూలి కూడా మీ చేతి మీదుగానే వెళుతుంది కాబట్టి, తండ్రి వైపు నుంచి కూడా జవాబు రాదు. ఇది మీకు వినడానికి కష్టంగా ఉంటుంది. అయినా చెప్పకపోతే మీకు నేను చేసే సాయం ఏమీ ఉండదు. మీ కోపం దారి తెలియక పోలేదు, భయం లేని దారి చూసుకుని వెళ్లింది.

కాబట్టి మీరు నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ మింగడం ఎలాగో కాదు. "శాంతంగా ఉండు" అని మీకు చెప్పేవాళ్లలో చాలామంది ఉద్దేశం అదే: ముఖం మార్చకు, మాట మాట్లాడకు, సర్దుకుపో. రోజంతా మీరు చేసింది అదే కదా. మొలకెత్తిన వడ్లు చూపించిన పెద్దాయన ముందు కూడా మీ ముఖం మారలేదు. అది నిబ్బరం అని మీరు అనుకున్నారు. ఆయనకు అది ఎలా కనిపించి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. నాలుగు నెలల కష్టం అరచేతిలో పాడై కనిపిస్తుంటే, ఎదుటి మనిషి నవ్వి రేపు రమ్మంది.

ఈ "రేపు" దగ్గర కొంచెం ఆగుదాం. మీ ఒత్తిడిలో సగం ఇక్కడే పుట్టిందని నా నమ్మకం.

లారీ మీ చేతిలో లేదు. రవాణా కాంట్రాక్టు ఇచ్చేది మీరు కాదు, ఏ కేంద్రం ధాన్యం ఏ మిల్లుకు పోవాలో నిర్ణయించేది మీరు కాదు, మిల్లులో దిగుమతి ఎప్పుడవుతుందో మీకు తెలియదు. మీ చేతిలో ఉన్నవి తేమ చూడటం, వరుస నడపడం, కాంటా, గోనె సంచుల లెక్క, ట్యాబ్ ఎంట్రీ, ఉన్న టార్పాలిన్ల పంపకం. ఈ గీత అవతల ఉన్న పనికి మీరు రోజూ మాట ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు, ఎదుటి మనిషి నిరాశపడకూడదని. కానీ మాట ఇచ్చిన క్షణం నుంచి లారీ రాకపోవడం మీ అబద్ధం అయింది. మరునాడు కేంద్రంలో అడుగుపెట్టేసరికి నిన్నటి మాటలన్నీ మీకోసం ఎదురుచూస్తూ ఉంటాయి. అధికారికి "అంతా బాగానే ఉంది" అని చెప్పడం వల్ల రెండో వైపు కూడా మూసుకుపోయింది. బాగానే ఉన్న కేంద్రానికి ఎవరైనా లారీ ఎందుకు పంపుతారు? అరుస్తున్న కేంద్రానికి పంపుతారు.

దీనికి ఒక పద్ధతి ఉంది. కేంద్రం ముందు ఒక నల్లబల్ల పెట్టించండి. రోజూ సాయంత్రం, ఇళ్లకు వెళ్లేముందు, నాలుగు అంకెలు రాయించండి: కాంటా అయి ఉన్న బస్తాలు ఎన్ని, లారీలు ఎన్ని అడిగాం, ఎన్ని వచ్చాయి, రేపు కాంటా ఏ టోకెన్ నంబరు నుంచి మొదలవుతుంది. అంతే. "లారీ ఎప్పుడు?" అంటే "4 అడిగాం, 1 వచ్చింది, మిగతావి ఎప్పుడొస్తాయో నాకు తెలియదు, తెలిసిన గంటలో ఇక్కడ రాయిస్తాను" అనండి. అదే అంకెలు అదే సమయానికి సీసీకి, ఏపీఎంకు, గ్రూపులోనూ పెట్టండి. "కాంటా అయిన బస్తాలు 2,400. తడిసిన రాశులు 11. ఇంకా 20 టార్పాలిన్లు కావాలి." ఇందులో ఫిర్యాదు లేదు, ఏడుపు లేదు, ఎవరినీ నిందించలేదు. పైవాళ్ల ముందు మీకు నోరు పెగలదన్నారు కదా, అంకెలు పంపడానికి నోరు అక్కరలేదు. పైగా రేపెప్పుడో "కేంద్రం నిర్లక్ష్యం వల్లే ధాన్యం తడిసింది" అని ఎవరైనా అంటే, ఏ తేదీన ఏమి అడిగారో మీ ఫోన్‌లో ఉంటుంది.

దీనివల్ల మొదట్లో మీకు సుఖం ఉండదని కూడా చెప్పాలి. "తెలియదు" అనే మాట విన్న రైతు "రేపు" అనే మాట విన్న రైతు కంటే ఎక్కువగా కోప్పడతాడు. తెలియనిదానివి ఇన్‌ఛార్జిగా ఎందుకున్నావు అంటాడు. అధికారుల్లో కొందరికి బల్ల మీద అంకెలు కనబడటం నచ్చకపోవచ్చు, ఎవరైనా ఫొటో తీస్తారేమోనని తీసేయమనవచ్చు. అందుకే ఇది మీ ఒక్కరి నిర్ణయంగా చేయకండి. సమాఖ్య సమావేశంలో తీర్మానం రాయించి చేయండి. తీసేయమంటే "సమాఖ్య తీర్మానం సార్, సమాఖ్యలో మాట్లాడండి" అనవచ్చు. కొన్ని రోజులు గడిచాక రైతులు మిమ్మల్ని అడగడం తగ్గించి బల్ల చదవడం మొదలుపెడతారు. అప్పుడు మీకు ఊపిరి ఆడుతుంది.

తరుగు మాట కూడా దీని కిందికే వస్తుంది. 40 కిలోల బస్తాకు రెండు కిలోలంటే 100 బస్తాలున్న రైతుకు 2 క్వింటాళ్లు. 2025-26లో ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు, అంటే 4,778 రూపాయలు ఆ రైతు చేతి నుంచి పోతాయి. ఇంత మాటను మీరు ఒక్కరే రోజంతా మోస్తే చేతులు వణకక ఏమవుతాయి? అది మీ డబ్బు కాదు, ఒప్పుకునే హక్కు గానీ కాదనే హక్కు గానీ మీ ఒక్కరికి లేదు. అలాంటి కబురు వచ్చిన గంటలోపే వరుసలో ఉన్న రైతుల్లో నలుగురిని పిలిచి, వాళ్ల ముందే సీసీకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అడగండి. గొడవ అవుతుంది, నిజమే. కానీ ఆ గొడవ ఎవరితో కావాలో వాళ్లతో అవుతుంది. దాచిపెడితే మీకూ మీ ఊరికీ మధ్య అవుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది రిజిస్టరు విసరడం కూడా కాదు, ఆ తర్వాత ఆమె అడగడం మానేయడం. ఆమె ఆ రోజు చేసింది చాలా విలువైన పని. తప్పు ఇంకా తప్పుగా మారకముందే పట్టుకుని మీ దగ్గరికి తెచ్చింది. పదిమందిని నడిపే మనిషికి అంతకంటే పెద్ద సాయం లేదు. మీరు అరిచాక ఆమెకు అర్థమైంది ఏమిటంటే, చెడు వార్త తెస్తే దెబ్బ తనకే తగులుతుందని. ఆ పాఠం ఆమె ఒక్కతే నేర్చుకోలేదు. తేమ చూసేవాళ్లు, సంచులు లెక్కపెట్టేవాళ్లు, హమాలీలు, అందరూ చూశారు. ఆ ముగ్గురి డబ్బు ఆగిన సంగతి మీకు ఆలస్యంగా తెలియడానికి కారణం అది. ఇంకా మీకు తెలియనివి ఏమైనా ఉన్నాయేమో కూడా అనుమానించాల్సిందే. నాయకత్వంలో ఉన్నవాళ్ల కోపానికి అసలు ఖరీదు ఇదే. చుట్టూ ఉన్నవాళ్లు మర్యాదగా మౌనంగా ఉంటారు, నష్టం కనపడకుండా పెరుగుతుంది.

క్షమాపణ అడగాలని మీకు ఉంది, ఎలా అడగాలో తెలియడం లేదు. ఒక దారి, ఆమె ఇంటికి వెళ్లి తండ్రి ముందు చెప్పడం. అది మీకు సులువు, ఆ పిల్లకు కూడా ఇబ్బంది తక్కువ. కానీ అవమానం అందరి ముందు జరిగింది, సర్దుబాటు గోడల మధ్య జరిగితే మిగతావాళ్ల మనసులో పాత పాఠమే ఉండిపోతుంది. రెండో దారి, సిబ్బంది, హమాలీలు అందరూ ఉన్నప్పుడు చెప్పడం. దానికి ధైర్యం ఎక్కువ కావాలి. "అధ్యక్షురాలే తలవంచింది" అని వెనక నవ్వేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. నా మొగ్గు రెండో దారి వైపే. అయితే ముందుగా ఇంటికి వెళ్లి, అందరి ముందు చెప్పడం ఆమెకు ఇష్టమేనా అని అడగండి. ఆమె వద్దంటే బలవంతం చేయవద్దు, మీ మనసు తేలికపడటం కోసం ఆమెను మళ్లీ పదిమంది ముందు నిలబెట్టినట్టు కాకూడదు.

చెప్పే మాట చిన్నదిగా ఉండాలి. "ఆ రోజు నువ్వు అడిగింది సరైన ప్రశ్న. నేను అందరి ముందు నీ మీద అరిచాను, రిజిస్టరు విసిరాను. అది నా తప్పు." అక్కడితో ఆపేయండి. ఆ రోజు వాన గురించి, లారీల గురించి, నాలుగు రాత్రులు నిద్ర లేకపోవడం గురించి ఒక్క ముక్క కూడా చేర్చవద్దు. అవన్నీ నిజాలే, కానీ ఆ సమయంలో చేరిస్తే ఓదార్చాల్సిన భారం తిరిగి ఆ పిల్ల మీదే పడుతుంది. ఇంకొక మాట కూడా మీరు వెనక్కి తీసుకోవాలి. ఆమెకు అన్నం పెట్టేది మీరు కాదు. ఆమె జీతం కేంద్రానికి వచ్చే కమీషన్ నుంచి వస్తుంది, ఆ కమీషన్ ఆమె చేసే ఎంట్రీల వల్ల వస్తుంది. తండ్రి మోసిన బస్తాకు ఆయనకు కూలి వస్తుంది. ఈ మాట ఆ తండ్రికి మీరే చెప్పాలి. బస్తా దించి మీ వైపు చూసిన మనిషి ఎంత మింగుకుని మళ్లీ ఎత్తుకున్నాడో మీకు తెలుసు, అందుకే అది ఉత్తరంలో రాశారు.

ఆ ముగ్గురు రైతుల ఖాతాల పని మీరు, ఆ అమ్మాయి కలిసి వెళ్లి సరిచేయించండి. "కేంద్రం పొరపాటు" అని చెప్పండి, ఆమె పేరు ఎత్తకండి. క్షమాపణ మాటలకంటే ఆమె ఎక్కువగా నమ్మేది దాన్నే. తర్వాత ఎప్పుడో ఆమె మళ్లీ ఒక తప్పు పట్టుకుని వణుకుతూ మీ దగ్గరికి వస్తుంది. ఆ క్షణం మీకు పరీక్ష. ఎంత పనిలో ఉన్నా "మంచిది, చెప్పావు" అని, కూర్చుని చూడండి.

ఇక ఆ క్షణంలో ఏం చేయాలనే ప్రశ్న. చేతులు వణకడం, చెవులు వేడెక్కడం, గొంతు పైకి రావడం మీకు ముందే తెలుస్తోందని రాశారు. అది అదృష్టం, చాలామందికి అరిచిన తర్వాత గాని తెలియదు. ఆ వణుకు మొదలైనప్పుడు ఏ నిర్ణయమూ చెప్పకండి. "చూసి చెబుతాను" అని లేచి నీళ్ల కుండ దాకా నడవండి. నీళ్లు తాగండి. ఊపిరి పీల్చినదానికంటే వదలడానికి ఎక్కువ సేపు తీసుకోండి. అలా పదిసార్లు వదిలితే గుండె వేగం తగ్గుతుంది, ఇది శరీరం పనిచేసే తీరు, నమ్మకంతో పని లేదు. తిరిగి వచ్చి కూర్చుని మాట్లాడండి, నిలబడి వద్దు. మీరు లేచి వెళితే పారిపోయిందని ఎవరో అంటారు. తిరిగి వచ్చి జవాబు చెబితే ఆ మాట రెండు రోజులకంటే నిలవదు.

అన్నం సంగతి కూడా అడగాలి. మే నెలలో మన నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పొద్దున ఆరు గంటలకు టీ తాగి వచ్చి, మధ్యాహ్నం మూడింటి దాకా ఏమీ తినకుండా, రేకుల షెడ్డు కింద ఉండే మనిషికి ఓర్పు ఎక్కడి నుంచి వస్తుంది? మీరు రిజిస్టరు విసిరింది సాయంత్రం. ఆ రోజు ఎప్పుడు తిన్నారో గుర్తుచేసుకోండి. ఒంటి గంటకు కేంద్రం అరగంట ఆపి, అందరూ కలిసి తినే ఏర్పాటు పెట్టండి. హమాలీలకూ అవసరం, మీకూ అవసరం. వరుసలో ఉన్నవాళ్లు గొణుగుతారు, పరవాలేదు.

ధ్యానం చేయవద్దని అనను. తెల్లవారుజామున పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటే మనసుకు మంచిదే. కానీ పొద్దున కూర్చుని మధ్యాహ్నం మళ్లీ అవే అబద్ధాలు చెబుతూ, అదే ఆకలితో, అదే ఫోన్‌ను గంటకు ఇరవైసార్లు చూస్తూ ఉంటే ధ్యానం ఏం కాపాడుతుంది? ఫోన్ పని ఒకటి వేరే మనిషికి అప్పగించండి. గ్రూపులో వచ్చే సందేశాలు మీ వీఓఏ, అంటే గ్రామ సమాఖ్య సహాయకురాలు, చూసి, మీకు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చెబితే చాలు. అత్యవసరమైతే అధికారులు నేరుగా ఫోన్ చేస్తారు.

బావగారి విషయం సున్నితమైనది, అయినా దాటేయలేను. ఆయన రాశిని ముందుకు జరిపిన రోజున మీ మాటకు కేంద్రంలో బరువు తగ్గింది. ఆ తర్వాత మీరు ఎంత నెమ్మదిగా చెప్పినా వినేవాళ్లకు ఆ రెండు రాశులే గుర్తొస్తాయి. ఇక్కడ మీకు రెండు మూడు దారులున్నాయి. నేరుగా ఆయనకే "ఈసారి కుదరదు బావగారూ" అని చెప్పవచ్చు. ఇంట్లో కొన్నాళ్లు ముఖాలు మాడతాయి, పండగకు పలకరింపులు తగ్గవచ్చు. లేదా మీ భర్త చేత చెప్పించవచ్చు, అన్నదమ్ముల మధ్య మాట కాబట్టి తేలికగా పోతుంది, కానీ కేంద్రం సంగతిలో ఆయన కల్పించుకునే అలవాటు మొదలవుతుంది. ఇవి రెండూ కాకుండా, టోకెన్ వరుస నిర్ణయించే అధికారమే మీ చేతి నుంచి తీసేయడం ఇంకొక దారి. తేమ 17 శాతం లోపు వచ్చిన రాశికి ఆ రోజే టోకెన్, నంబరు ప్రకారమే కాంటా, మార్చాలంటే సమాఖ్య కమిటీలో ముగ్గురి సంతకం. అప్పుడు బావగారు అడిగితే మీరు కాదనే అవసరమే రాదు, "నా చేతిలో లేదు" అన్నది నిజమే అవుతుంది. మీ స్వభావానికి ఇది సరిపోతుందని నాకు అనిపిస్తోంది. అడిగిన మనిషిని నొప్పించలేని మీలాంటివాళ్లకు గట్టి నియమం పెద్ద అండ.

చివరి ప్రశ్న, వానాకాలం కేంద్రం మీరు తీసుకోవాలా వద్దా. వదిలేస్తే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక సీజన్ పక్కన కూర్చుని, పిల్లలతో ఉండి, నిద్ర తిరిగి తెచ్చుకోవడం కూడా బాధ్యత గల పనే. అయితే ఇప్పుడు వదిలితే "అరిచింది, వెళ్లిపోయింది" అన్న కథే ఊళ్లో మిగులుతుంది, మీ తర్వాత వచ్చే ఆమె కూడా అదే "రేపు" తో మొదలుపెడుతుంది. ఇంట్లో "వద్దని చెప్పాను కదా" అన్న మాటకు ఆధారం దొరుకుతుంది, వచ్చేసారి మీ కూతురు ఏదైనా పని భుజాన వేసుకుంటానంటే అదే మాట ఆమెకూ వినిపిస్తుంది. ఇప్పుడున్నట్టే ఉండి, ఏమీ మార్చకుండా మళ్లీ తీసుకుంటే మాత్రం అక్టోబరు నాటికి మీ ఒళ్లే మిమ్మల్ని ఆపేస్తుందని నా భయం. మధ్యలో ఇంకొకటి ఉంది: ఇద్దరు ఇన్‌ఛార్జులు. అధికారులు, మిల్లు, లారీలు ఒకరికి. కాంటా, సిబ్బంది, రైతుల వరుస ఇంకొకరికి. మీకు రైతులతో మాట బాగుంది కాబట్టి మీరు లోపలి పని తీసుకుని, పైవాళ్లతో గట్టిగా మాట్లాడగలిగిన సభ్యురాలికి బయటి పని అప్పగించవచ్చు. ఇద్దరి మధ్య పొరపొచ్చాలు రావచ్చు, ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియకపోవచ్చు. సాయంత్రం బల్ల మీద అంకెలు రాసే వేళకు ఇద్దరూ అక్కడ ఉండాలని నియమం పెట్టుకుంటే అది చాలావరకు తీరుతుంది. మూడింటిలో ఏది మీకు నప్పుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. నిద్ర తిరిగి వచ్చేదాకా మాత్రం నిర్ణయం తీసుకోకండి.

నిద్ర అన్నాను కాబట్టి: ఫోన్ మోగితే గుండె దడ, నెలలుగా నిద్ర లేకపోవడం, వీటిని కేవలం కోపం ఖాతాలో వేయకండి. ముందుగా మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి బీపీ, షుగర్, రక్తహీనత, థైరాయిడ్ చూపించుకోండి. నలభైకి దగ్గరవుతున్న ఆడవాళ్లలో వీటివల్ల చిరాకు, దడ రావడం మామూలే, పట్టించుకునేవాళ్లే తక్కువ. మనసులోది ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే టెలి మానస్ నంబరు 14416 కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడుపుతున్నది, డబ్బు అక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు, మీ పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు.

పిల్లలతో కూడా ఒకసారి కూర్చోండి. వాళ్లకు కేంద్రం, లారీలు, తరుగు ఏమీ తెలియదు, అమ్మకు తమ మీదే కోపం అనుకుంటారు. మీ తప్పేమీ లేదని చెబితే చాలు.

వానాకాలం కేంద్రాలు తెరిచేది అక్టోబరులో. అప్పటిదాకా ఆగకుండా ఈ నెల సమాఖ్య సమావేశంలోనే మూడు తీర్మానాలు పెట్టించండి: నల్లబల్ల, టోకెన్ నియమం, ఇద్దరు ఇన్‌ఛార్జులు. టార్పాలిన్లు ఎన్ని పనికొస్తాయో, ఎన్ని చిరిగాయో ఇప్పుడే ఎండలో పరిచి లెక్కపెట్టించి, కావలసినవి రాతపూర్వకంగా అడగండి. ఆ లెక్క రాసే పని ఆ అమ్మాయికే ఇవ్వండి. మొలకలు చూపించిన పెద్దాయన ధాన్యం చివరికి ఏమైందో మీరు రాయలేదు. డబ్బు పడిందో లేదో కనుక్కుని, పడకపోతే ఆ ముగ్గురి ఖాతాలతో పాటు ఆయనది కూడా కలిపి మండల కార్యాలయానికి తీసుకెళ్లండి.